రోజుకు ఎన్ని కొబ్బరికాయలు?



1978 సెప్టెంబరులో పసిఫిక్ మహాసముద్రంలోని అణుపరీక్షలు జరిగిన బికినీ అనే పగడపు దీవిని ఖాళీ చేయించారు. ఆ దీవిలో అప్పటికి కొత్త ఇళ్ళున్నాయి. వరసలు తీర్చి నాటిన వేలాది కొబ్బరిచెట్లున్నాయి, అవి కాపుకు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అంతకు పదేళ్ళ ముందు, 1968లో, అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వయంగా ప్రకటించాడు: ఈ దీవికి ఇక భయం లేదు, మీ ఊరికి మీరు వెళ్ళవచ్చు అని. ఆ మాట నమ్మి తిరిగి వచ్చిన కుటుంబాలు, వంద మందికి పైగా జనం, పిల్లాపాపలతో మళ్ళీ సామాన్లు సర్దుకుని ఓడ ఎక్కాల్సి వచ్చింది. వాళ్ళ శరీరాల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం వేగంగా పెరుగుతోందని పరీక్షల్లో తేలింది. అది వాళ్ళ ఒంట్లోకి చేరింది ప్రధానంగా తిండితో, అందులోనూ ముఖ్యంగా కొబ్బరితో.

బికినీని తిరిగి అప్పగించే ముందు శాస్త్రవేత్తలు నేలను కొలిచారు, నీటిని కొలిచారు, అప్పటికి దొరికిన కాయనీ పీతనీ కొలిచారు. కొలత యంత్రాల్లో దోషమేమీ లేదు. మనుషులు అక్కడ కాపురం పెట్టాక కొబ్బరి ఎంత తింటారు, ఎంత తాగుతారు అని వేసిన అంచనా మాత్రం వాస్తవానికి అందలేదు. పైగా ఆ అంచనా వేసే నాటికి కొత్తగా నాటబోయే చెట్లు ఇంకా నాటనే లేదు. ఆ చెట్లు కాసిన తరువాత జనం వాటి కాయలు తిన్నారు, నీళ్ళు తాగారు. తమ చెట్టు కాయ తాము తిన్నారు, అంతే. దానికే ఊరు విడిచిపోవలసి వచ్చింది.

ఒక దీవిలో మనుషులు రోజుకు ఏం తింటారో, ఎంత తింటారో తెలుసుకునే సర్వే గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. వినడానికి చిన్న పని. కానీ మార్షల్ దీవుల్లో ఒక జాతి జనం తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళవచ్చా లేదా అన్నది దశాబ్దాల పాటు ఈ పని మీదే ఆధారపడింది.

ముందు చోటు సంగతి. హవాయికీ ఆస్ట్రేలియాకీ నడుమ, భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన ఉన్న దేశం మార్షల్ దీవులు. అక్కడ చాలా ఊళ్ళు పగడపు వలయాలే. సముద్రంలో ఒక దండ పరిచినట్టు సన్నటి దీవుల వరస, ఆ వరసకు నడుమ నిశ్చలమైన మడుగు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతం అమెరికా అధీనంలోకి వచ్చింది. 1946 నుంచి 1958 వరకు అమెరికా అక్కడ 67 అణుపరీక్షలు జరిపింది, ప్రధానంగా బికినీలోనూ ఎనెవెటాక్‌లోనూ. అందులో అన్నిటికన్నా పెద్దది 1954 మార్చి 1న బికినీలో పేల్చిన బ్రావో. దాని శక్తి 15 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. ఆ ఉదయం పొడిపొడిగా రాలిన తెల్లటి బూడిద తూర్పున ఉన్న రోంగెలాప్ దీవి మీద పడింది. పిల్లలు అందులో ఆడుకున్నారు. అది తాగేనీళ్ళలో పడింది, తిండి మీద పడింది. రెండు రోజుల తరువాత గానీ వాళ్ళను అక్కడి నుంచి తీసుకువెళ్ళలేదు. అప్పటికే వాంతులు, ఒంటి మీద కాలిన పుళ్ళు మొదలయ్యాయి. తరువాతి సంవత్సరాల్లో ఆ పిల్లల్లో చాలామందికి థైరాయిడ్ గ్రంథిలో గడ్డలు వచ్చాయి.

ఆ తొలి రోజుల విషంలో చాలా భాగం త్వరగానే నశిస్తుంది. థైరాయిడ్‌ను దెబ్బతీసే అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, కొన్ని నెలల్లో దాదాపు మాయమవుతుంది. కానీ సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్ళు పడుతుంది. స్ట్రాన్షియం-90కి కూడా దాదాపు అంతే. ప్లుటోనియం-239 సంగతి చెప్పాలంటే 24 వేల ఏళ్ళు. కనుక దీవికి తిరిగి వచ్చిన మనిషికి ఎదురయ్యేది ఆకాశం నుంచి రాలే బూడిద కాదు, మట్టిలో నిలిచిపోయిన ఈ పదార్థాలు. అవి మట్టిలో ఉన్నంతమాత్రాన కథ ముగియదు. ఏ మొక్క దేన్ని పీల్చుకుంటుంది, ఏ భాగంలో దాచుకుంటుంది అన్నది ఆ నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది.

పగడపు నేల అంటే సున్నపు నేల. బంకమట్టి ఉండదు, మన రేగడిలా పట్టి ఉంచే గుణం ఉండదు. అందులో కాల్షియం అపారం, పొటాషియం అత్యల్పం. రసాయనపరంగా స్ట్రాన్షియం కాల్షియానికి దగ్గరి చుట్టం, సీజియం పొటాషియానికి దగ్గరి చుట్టం. కాల్షియం కుప్పలుగా ఉన్న నేలలో మొక్క స్ట్రాన్షియాన్ని అంతగా తీసుకోదు. పొటాషియం కోసం అలమటించే మొక్క మాత్రం దాని పోలికతో ఉన్న సీజియాన్ని ఆత్రంగా పీల్చుకుంటుంది. ఖండాల మీద మట్టిలో బంక రేణువులు సీజియాన్ని బిగించి పట్టుకుంటాయి కాబట్టి మొక్కకు చిక్కేది తక్కువ. పగడపు దీవిలో ఆ పట్టు లేదు. అదే మోతాదు సీజియం వేరే నేలలో పడితే వచ్చే ప్రమాదం కంటే ఇక్కడ తిండి ద్వారా వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. కొబ్బరి, సీమపనస, మొగలి జాతి పండ్లు, ఆరోరూట్ లాంటి ఒక దుంప, ఇవన్నీ సీజియాన్ని పోగుచేసుకుంటాయి. రాలిన కొబ్బరికాయను చీల్చి తినే కొబ్బరి పీత కూడా. చేపలు మాత్రం చాలా వరకు మేలు. సముద్రపు నీటిలో పొటాషియానికి కొదవ లేదు, పైగా ఆటుపోట్లు మడుగును నిత్యం కడుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు కొంచెం లెక్క. రేడియోలో లెక్కలు చెబితే వినడం కష్టమని తెలుసు, ఒక్కటే చెబుతాను. రేడియోధార్మికతను బెకెరెల్‌లలో, ఒంటికి పడే మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఎదిగిన మనిషి ఒక ఏడాదిలో సుమారు 77 వేల బెకెరెల్‌ల సీజియం-137 తింటే ఆ మనిషికి ఒక మిల్లీసీవర్ట్ రేడియేషన్ మోతాదు పడుతుంది. అంటే రోజుకు దాదాపు 210 బెకెరెల్‌లు. ఒక దీవిలో కొబ్బరిలో కిలోకు వెయ్యి బెకెరెల్‌లు ఉన్నాయనుకుందాం. ఆ దీవి మనిషి రోజుకు 50 గ్రాముల కొబ్బరి తింటే ఏడాదికి పావు మిల్లీసీవర్ట్ కూడా రాదు. 200 గ్రాములు తింటే దాదాపు ఒక మిల్లీసీవర్ట్. 400 గ్రాములు తింటే రెండుకు దగ్గర. కొబ్బరిలోని సీజియాన్ని ప్రయోగశాలలో ఎంతో కచ్చితంగా కొలవవచ్చు. కానీ 50 గ్రాములా, 400 గ్రాములా అన్నది ప్రయోగశాల చెప్పలేదు. అది ఆ ఇంటికి వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. అడగడం సరిగా రాకపోతే ఎంత ఖరీదైన యంత్రం ఇచ్చిన అంకె అయినా ఎందుకూ కొరగాదు.

కొబ్బరి ఎంత తింటారని అడగడం కోనసీమ మనిషికి ఎంత అర్థం లేని ప్రశ్నగా తోస్తుందో ఒకసారి ఆలోచించండి. ఏ కొబ్బరి? లేత బొండాం నీళ్ళా? ఆ బొండాంలో గీకి తినే మీగడా? ముదురుకాయ తురుమా? తురుము పిండిన పాలా? మొలకెత్తిన కాయలో మెత్తగా ఊరే కొబ్బరిపువ్వా? మార్షల్ దీవుల్లోనూ అంతే, ఇంకా ఎక్కువే. అక్కడ దాహానికి బొండాం నీళ్ళే ఆధారం, వానలు తగ్గిన నెలల్లో మరీను. గెల కోసి తీసే తీపి నీరాను వాళ్ళు జెకారు అంటారు, పసిపిల్లలకు కూడా పడతారు. దాన్నే మరిగించి పాకం చేస్తారు. కొబ్బరిపువ్వు పిల్లలకు ఇష్టం. ముదురు కొబ్బరి పాలు సీమపనసలో, అన్నంలో, చేపల్లో కలుస్తాయి. ఒక్కొక్క దశలో సీజియం గాఢత ఒక్కో తీరు. ముదురు కొబ్బరిలో ఉన్నంత గాఢత నీళ్ళలో ఉండదు, కానీ నీళ్ళు తాగే పరిమాణం ఎక్కువ. కనుక ఫారంలో కొబ్బరి అని ఒకే గడి పెట్టుకుని వెళ్ళిన సర్వే అక్కడే సగం ఓడిపోయినట్టు.

ఇలాంటి సర్వేలు మన దగ్గర లేవని కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం మొదలైంది. అది దశాబ్దాల పాటు రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి ఆహార సర్వేలు చేసింది. వంట చేసే ఆవిడ దగ్గర కూర్చుని, గడిచిన 24 గంటల్లో ఏమేం వండారో అడుగుతారు. కొలత గిన్నెలు చూపించి అన్నం ఏ గిన్నెతో ఎంత, పప్పు ఏ గిన్నెతో ఎంత, పిల్లవాడికి ఎంత, ముసలాయనకి ఎంత అని రాసుకుంటారు. కొన్ని ఇళ్ళలో వండకముందే సరుకులు తూచి చూస్తారు. పోషకాహార లోపం కొలవడానికి పుట్టిన పద్ధతి అది. ఎంత తక్కువ తింటున్నారో తెలుసుకోవడానికి. రేడియేషన్ సర్వేలో వెతికేది దానికి విరుద్ధం, ఎక్కువలో ఎక్కువ ఎవరు తింటున్నారని. కానీ అడగడంలో కష్టం రెండింటికీ ఒకటే. నిన్నటి తిండి గుర్తుంచుకుని గ్రాముల్లో చెప్పగలిగే మనిషి ఎక్కడా ఉండడు.

పగడపు దీవిలో ఆ కష్టం ఇంకాస్త పెరుగుతుంది. ఒక ఇంట్లో వండింది ఆ ఇంటివాళ్ళే తినరు. చేపలు పడితే అయినవాళ్ళందరికీ పంచుతారు. పిల్లలు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో తింటారు. పగలంతా ఒడ్డున తిరుగుతూ దొరికిన ఆల్చిప్ప పచ్చిగానే తింటారు, దాహమైతే బొండాం కొట్టుకుంటారు. వాటిని ఏ తల్లీ చూడదు, ఏ ఫారంలోకీ ఎక్కవు. ఎండు కొబ్బరి తయారు చేయడానికి మగవాళ్ళు వలయంలోని మరో దీవికి వెళ్ళి కొన్ని రోజులుంటారు. అక్కడ వాళ్ళ తిండి అంతా ఆ దీవిదే. ఆ దీవి ఊరి దీవి కంటే ఎక్కువ కలుషితమైనది కావచ్చు. సీమపనసకు ఒక కాలం, మొగలిపండ్లకు ఒక కాలం. సీమపనస విరగకాసినప్పుడు దాన్ని పులియబెట్టి పాతరేసి నెలల తరబడి తింటారు. ఒక వారం వచ్చి చూసి వెళ్ళిన సర్వేకి ఆ వారమే కనిపిస్తుంది.

1980లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల నుంచి మార్షల్ దీవుల ఆహారం, జీవన విధానం మీద ఒక నివేదిక వెలువడింది. రచయితల్లో మొదటి పేరు జె.ఆర్. నాయుడు. మన చెవికి పరిచయమైన పేరు. ఆ నివేదికలో నాకు నచ్చింది ఏమిటంటే, అది ప్రశ్నల పత్రం ఒక్కదాన్నే నమ్ముకోలేదు. పాత గ్రంథాలు చూశారు, ప్రశ్నలడిగారు, ఆ జనంతో కలిసి నెలల పాటు, కొందరు ఏళ్ళ పాటు నివసించారు, వాళ్ళ పనుల్లో పాలుపంచుకున్నారు. తిండి గురించి తెలుసుకోవాలంటే అంత కాలం పడుతుంది మరి. అలాంటి లెక్కల్లో తరువాత వచ్చిన అభ్యంతరం కూడా న్యాయమైనదే. వండిన తిండి అంతా మనిషి కడుపులోకి వెళ్ళదు, మిగిలింది పందులకూ కోళ్ళకూ పోతుంది, వండినదాన్ని తిన్నట్టు రాస్తే లెక్క పెరుగుతుంది. నిజమే. అయినా నా ఉద్దేశంలో ఆ పొరపాటు మనిషికి కీడు చేసే వైపు ఉన్నది కాదు. తక్కువ తింటారని రాసుకుని బికినీలో కాపురాలు పెట్టించిన లెక్కకూ దీనికీ తేడా ఉంది.

ఇంకొక సర్వే 1978లో ఉజెలాంగ్ దీవిలో జరిగింది. ఎనెవెటాక్ జనాన్ని 1947 చివర్లో తరలించి పెట్టిన చోటు అది. అక్కడ వాళ్ళు ఏం తింటున్నారో నమోదు చేసిన ఆ వివరాలను కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళు తమ మోతాదు లెక్కలకు ఆధారంగా వాడుకున్నారు. ఆ సర్వేలో రెండు తిళ్ళు ఉన్నాయి. సరుకుల ఓడ వచ్చినప్పటి తిండి ఒకటి, రానప్పటి తిండి ఒకటి. ఓడ వస్తే బియ్యం, గోధుమపిండి, పంచదార, డబ్బాల్లో చేపలు, మాంసం. రాకపోతే మళ్ళీ కొబ్బరి, సీమపనస, చేపలు. ఈ రెండు తిళ్ళకూ వచ్చే రేడియేషన్ మోతాదు ఒక్కటి కాదు, చాలా తేడా. ఓడ ఎన్నాళ్ళకొకసారి వస్తుంది, ఎండు కొబ్బరి ధర ఎంత పలికింది, చేతిలో డబ్బుందా లేదా, ఇవన్నీ మనిషి ఒంట్లోని సీజియాన్ని నిర్ణయించాయి. భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ సంగతి ఉండదు.

సరాసరి గురించి ఒక మాట. బ్రిటన్‌లో విండ్‌స్కేల్ అణు కర్మాగారం ఐరిష్ సముద్రంలోకి వదిలిన వ్యర్థాల వల్ల ఎవరికి ఎక్కువ మోతాదు పడుతోందని వెతికితే, ఒక దశలో తేలినది ఆ కర్మాగారం పక్క ఊరివాళ్ళు కాదు. వందల కిలోమీటర్ల దూరంలో దక్షిణ వేల్స్‌లో ఒక రకం సముద్రపు పాచిని ఉడికించి ఇష్టంగా తినే కొద్దిమంది. ఆ పాచి కర్మాగారం దగ్గరి ఒడ్డునే ఏరి అక్కడికి పంపేవారు. దేశం మొత్తం సరాసరి తీస్తే ఆ కొద్దిమంది కనబడనే కనబడరు. అందుకే రేడియేషన్ రక్షణలో ఎక్కువ తినేవాళ్ళ గుంపును విడిగా గుర్తించి వాళ్ళను కాపాడితే మిగిలినవాళ్ళకు భయముండదని ఒక పద్ధతి ఏర్పడింది. మార్షల్ దీవుల్లో ఆ గుంపు ఎవరు? బొండాం నీళ్ళ మీద బతికే పసివాడా, ఎండు కొబ్బరి పనికి వెళ్ళే యువకుడా, డబ్బు లేక అంగడి సరుకు కొనలేని ఇల్లా? సర్వే ఈ ప్రశ్న అడగకుండా సగటు మనిషిని పట్టుకుని లెక్క వేస్తే, ఆ లెక్క ఎవరినీ కాపాడదు.

ఇక అన్నిటికన్నా బరువైన విషయానికి వస్తాను. సర్వే చేసింది ఎవరిని? చాలాసార్లు సొంత ఊళ్ళలో ఉన్నవాళ్ళను కాదు, ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను. బికినీ జనం 167 మందిని 1946లో తరలించారు. మొదట రోంగెరిక్‌లో పెడితే ఆకలితో అలమటించారు. 1948లో కిలి దీవికి చేర్చారు. కిలికి మడుగు లేదు. నాలుగు వైపులా అలలు కొట్టే ఒంటరి దీవి. ఏడాదిలో కొన్ని నెలలు పడవ దింపడానికే వీలుపడదు. మడుగులో చేపలు పట్టి బతికిన జనానికి చేపలు కరువయ్యాయి. అమెరికా ప్రభుత్వం పంపే బియ్యం, పిండి, డబ్బాల తిండి మీద ఒక తరం పెరిగింది, ఆ తరం పిల్లలూ పెరిగారు. అలాంటి చోటికి వెళ్ళి, మీరేం తింటారు అంటే బియ్యం అంటారు. ఆ బియ్యాన్ని ఫారంలో రాసుకుని, వీళ్ళు స్థానిక ఆహారం తక్కువే తింటారు, కనుక బికినీకి వెళ్ళినా మోతాదు తక్కువే పడుతుంది అని లెక్క తేలిస్తే, ఆ లెక్కలో ఎక్కడా కూడిక తప్పు ఉండదు. అయినా అది అన్యాయం. వాళ్ళ పళ్ళెంలోకి బియ్యం వచ్చింది వాళ్ళ ఊరు పోయినందువల్ల. ఊరు పోయిన ఫలితాన్ని ఆధారంగా తీసుకుని ఊరు క్షేమంగా ఉందని నిరూపించడం సరైన శాస్త్రం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలాంటి లెక్కలను నమ్మలేమని మార్షల్ దీవుల జనం చాలా ముందే గుర్తించారు. రోంగెలాప్ జనం 1957లో తమ దీవికి తిరిగి వచ్చారు, అది క్షేమమేనని చెబితే. కొబ్బరి పీతలు తినవద్దని తరువాత చెప్పారు. ఆరోరూట్ లాంటి ఆ దుంప తింటే నోరు పొక్కుతోందని వాళ్ళు చెప్పేవారు. ఏటా డాక్టర్లు వచ్చి పరీక్షలు చేసి వెళ్ళేవారు, ఫలితాలు మాత్రం వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేవారు కాదన్నది వాళ్ళ దశాబ్దాల ఫిర్యాదు. 1956లో అమెరికా అణుశక్తి సంఘం సమావేశంలో ఒక అధికారి, కలుషితమైన దీవిలో మనుషులు బతికితే వాళ్ళ ఒంట్లోకి ఎంత చేరుతుందో విలువైన సమాచారం దొరుకుతుందన్న అర్థంలో మాట్లాడినట్టు రికార్డులు తరువాత బయటపడ్డాయి. అది తెలిసిన తరువాత, ఫారం పట్టుకుని వచ్చి మీరు రోజుకు ఎన్ని కొబ్బరికాయలు తింటారని అడిగే మనిషికి వాళ్ళు మనసు విప్పి చెప్పాలని ఎలా ఆశించగలం? తినవద్దన్న పీతను తిన్నామని ఎవరు ఒప్పుకుంటారు? చివరికి 1985 మే నెలలో, ప్రభుత్వం తరలించకపోతే మేమే వెళతామని, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వారి రెయిన్‌బో వారియర్ ఓడ ఎక్కి తమ ఇళ్ళ సామగ్రితో సహా రోంగెలాప్ విడిచి వెళ్ళారు.

తరువాత జరిగిన ఒప్పందంలో వాళ్ళ మాట నెగ్గింది. 1992లో రోంగెలాప్ పునరావాసం కోసం అమెరికా, మార్షల్ దీవుల ప్రభుత్వం, రోంగెలాప్ స్థానిక ప్రభుత్వం కలిసి కుదుర్చుకున్న అవగాహనలో ఒక షరతు ఉంది. దీవిలో పండేది మాత్రమే తిని బతికినా, బయటి సరుకు ఒక్క గింజ ముట్టకపోయినా, ఏడాదికి పడే అదనపు మోతాదు ఒక మిల్లీసీవర్ట్ దాటకూడదు. పూర్తిగా స్థానిక తిండితో నేడు ఎవరూ బతకరు కదా, ఇది వాస్తవ దూరం కదా అని నిపుణులు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ షరతు అడిగే ప్రశ్న వేరు. రేపు ఓడ రాకపోతే? నాన్న నాటిన చెట్టు కాయ కడుపునిండా తినాలనిపిస్తే? ఆ స్వేచ్ఛ ఉంటేనే అది తమ ఊరు అని రోంగెలాప్ వాళ్ళు పట్టుబట్టారు. ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది, గౌరవం కలుగుతుంది.

బికినీ విషయంలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1998లో ఇచ్చిన నివేదికలోనూ ఈ తేడా కనిపిస్తుంది. అక్కడ పండేది మాత్రమే తిని బతికితే ఏడాదికి సుమారు 15 మిల్లీసీవర్ట్‌ల మోతాదు పడవచ్చని లెక్క కట్టారు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి వచ్చేది ఏడాదికి 2.4. దిగుమతి సరుకు కలిపి తింటే బికినీ మోతాదు బాగా తగ్గుతుందని కూడా ఆ నివేదికే చెప్పింది. ఉన్న పరిస్థితుల్లో శాశ్వత నివాసం వద్దని, ముందు నివారణ చర్యలు తీసుకోవాలని సలహా ఇచ్చింది. మార్షల్ దీవుల అణు నష్టపరిహార ట్రిబ్యునల్ ఇంకా కఠినమైన గీత గీసింది, ఏడాదికి 0.15 మిల్లీసీవర్ట్. అమెరికా తన సొంత నేలను శుభ్రం చేయడానికి పెట్టుకున్న ప్రమాణం అది. అమెరికా పౌరుడికి ఒక గీత, మార్షల్ దీవి మనిషికి ఇంకొక గీత ఎందుకుండాలని ఆ ట్రిబ్యునల్ ఆలోచన. 2001లో బికినీ జనానికి 56 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ప్రకటించింది. చెల్లించడానికి ఆ నిధిలో డబ్బు లేకపోయింది.

నివారణ చర్య అంటే ఏమిటి? ఒక దారి, పైమట్టి గీకి పారేయడం. సీజియం పోతుంది. దానితో పాటు శతాబ్దాల తరబడి ఆకు రాలి కుళ్ళి పేరుకున్న ఆ కొద్దిపాటి సారం కూడా పోతుంది, మిగిలేది తెల్లటి పగడపు గుల్ల. చెట్టు లేని దీవిలో రేడియేషన్ లేకపోయినా మనిషి ఏం చేసుకోవాలి? రెండో దారి మన రైతులకు బాగా తెలిసినది: పొటాష్. లివర్‌మోర్ శాస్త్రవేత్త విలియం రాబిసన్ బృందం బికినీలో కొబ్బరిచెట్ల మొదట్లో పొటాషియం క్లోరైడ్ వేసి చూసింది. మన ఎరువుల కొట్లో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అని అమ్మేది అదే. ఆకలి తీరిన చెట్టు సీజియం వైపు చూడటం తగ్గించింది. కాయల్లో సీజియం మునుపటి మోతాదులో పదోవంతుకు, కొన్ని చోట్ల అంతకన్నా తక్కువకు పడిపోయింది. చెట్టుకు బలమూ వచ్చింది. ఇళ్ళ చుట్టూ మాత్రం మట్టి మార్చి, తోటల్లో పొటాష్ వేసే పద్ధతిని రోంగెలాప్‌లో అనుసరించారు. కిలో ఎరువు కూడా దొరకని చోటికి ఓడలో పొటాష్ తీసుకెళ్ళి, ఎప్పటికప్పుడు కాయలు పరీక్షిస్తూ ఉండాలి. ఆ పని ఏళ్ళ తరబడి ఎవరు చేస్తారన్నది ఇంకా ఆ జనం మనసుల్లో ఉన్న ప్రశ్నే.

సర్వే సరిగా జరిగిందా లేదా అని సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఒంట్లోని సీజియాన్ని నేరుగా కొలిచే యంత్రం. 1999 నుంచి రోంగెలాప్‌లో, ఎనెవెటాక్‌లో, రాజధాని మజురోలో అలాంటివి పెట్టి స్థానిక యువతీయువకులకు నడపడం నేర్పారు. పెద్దవాళ్ళ ఒంట్లో చేరిన సీజియం సుమారు మూడు నాలుగు నెలలకు సగమవుతుంది. కనుక ఆ యంత్రం గడిచిన కొన్ని నెలల తిండిని చదివినట్టే. కానీ అది తిన్న తరువాతి సంగతి చెబుతుంది. ఊరికి ఇంకా వెళ్ళని మనిషి అక్కడికి వెళ్ళాక ఏం తింటాడో చెప్పలేదు. అది చెప్పగలిగేది ఆ మనిషే. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత ఒక పద్ధతి విస్తృతంగా వాడారు. ఇంట్లో ప్రతి పూటా ఒక మనిషి భోజనం అదనంగా వండి, దాన్ని మొత్తంగా ప్రయోగశాలకు పంపుతారు. గుర్తుతెచ్చుకుని చెప్పవలసిన పని లేదు, పళ్ళెం పళ్ళెమే కొలతకు వెళుతుంది. ఇంటి ఆడవాళ్ళను సర్వేలో సహచరులుగా చేసుకునే పద్ధతి కనుక నాకు అది ఇష్టం.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర దీవుల్లో పండ్లు సేకరించి కొలిచి, ఫలితాలను 2019లో ప్రచురించారు. బికినీలోనూ, రోంగెలాప్ వలయంలోని కొన్ని చోట్లా కొన్ని పండ్లలో సీజియం అప్పటికీ హద్దు మీరి ఉందని తేలింది. మరోవైపు మార్షల్ దీవులు మధుమేహం అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటి. బియ్యం, పంచదార, డబ్బా మాంసం వచ్చి చేరిన తరాల జబ్బు అది. మజురోలో ఆరోగ్య కార్యకర్తలు సీమపనసకు, మొగలిపండ్లకు, చేపలకు, కొబ్బరికి తిరిగి రమ్మని జనానికి చెబుతున్నారు. మంచి సలహా. అదే సలహా బికినీ కుటుంబానికి వాళ్ళ సొంత నేల గురించి ఇవ్వాలంటే, ముందు ఆ చెట్టు మొదట్లో పొటాష్ పడిందా, ఆ కాయలో సీజియం ఎంతుంది, ఆ ఇంట్లో పిల్లవాడు రోజుకు ఎన్ని బొండాలు తాగుతాడు, ఈ మూడూ తెలిసి ఉండాలి. మూడోది అడగడానికి వెళ్ళేది మార్షల్ దీవుల బిడ్డే అయి, వాళ్ళ భాషలోనే అడిగి, వచ్చిన ఫలితాన్ని ముందుగా ఆ ఇంటికే తీసుకెళ్ళి చెప్పాలి.